డే కేర్ ఆఫీసు దగ్గరా, ఇంటి దగ్గరా?

ఉద్యోగం చేసుకుంటూ, దూరవిద్యలో పీజీ చదువుతూ, ఏడాదిన్నర బాబును డే కేర్‌లో చేర్చానని తెలిసినప్పటి నుంచి తోటి తల్లులు నన్ను అడిగేది ఇదొక్కటే: ఆఫీసు దగ్గర చేర్చావా, ఇంటి దగ్గరా? రెండు చోట్లా చూసి, ఇంటి దగ్గరే చేర్చాను. మాది హైదరాబాద్‌లో ఉప్పల్, ఆఫీసు రాయదుర్గంలో. అంటే మెట్రో నీలం లైను ఇంచుమించు ఈ కొస నుంచి ఆ కొస దాకా.

ముందు ఆఫీసు దగ్గరి డే కేర్ సంగతి. పాలు తాగే బిడ్డ ఉంటే దానికి మించింది లేదు. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణతో నియమం వచ్చింది. ఆ సవరణతోనే 26 వారాల సెలవు కూడా వచ్చింది. అందులో కొన్ని వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే, తిరిగి ఆఫీసులో చేరేసరికి బిడ్డకు ఆరు నెలలు కూడా నిండవు. అలాంటి తల్లి మధ్యాహ్నం పది నిమిషాలు వెళ్లి పాలిచ్చి రాగలగడం చాలా పెద్ద మేలు. మీ ఆఫీసులో క్రెష్ లేకపోతే హెచ్‌ఆర్ వాళ్లను మొహమాటపడకుండా అడగండి. అది మీ హక్కు.

బిడ్డ పాలు మానేసి, పప్పన్నం తినడం మొదలుపెట్టాక లెక్క మారుతుంది. మనకు చదువు కూడా ఉంటే మరీ మారుతుంది. నాగోల్ తర్వాతి స్టేషనే ఉప్పల్ కాబట్టి పొద్దున నాకు తరచూ సీటు దొరుకుతుంది. సాయంత్రం రాయదుర్గంలోనే రైలు మొదలవుతుంది కాబట్టి అప్పుడూ అంతే. పోనురాను దాదాపు గంటేసి. నేను చదివేదంతా ఆ రైల్లోనే. బాబు ఒళ్లో ఉంటే పుస్తకం తెరవడం కుదరదు. పైగా రోజంతా కొత్త చోట ఉండి అలసిపోయిన పిల్లవాణ్ని సాయంత్రం అంత రద్దీలో తీసుకురావడం వాడికీ కష్టమే.

ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. డే కేర్ ఆఫీసు పక్కన ఉంటే, మనం ఆఫీసుకు వెళ్లిన రోజే అది పనికొస్తుంది. ఇంటి నుంచి పనిచేసే రోజు, పరీక్ష కోసం సెలవు పెట్టిన రోజు బిడ్డ ఇంట్లోనే ఉంటాడు. ఫీజు మాత్రం నెల మొత్తానికీ కట్టాలి. అసైన్‌మెంట్లు రాసుకోవడానికి మనకు దొరికేవి ఆ రోజులే కదా. ఇంటి పక్కన అయితే బాబును దింపి వచ్చి, సాయంత్రం దాకా నిశ్చింతగా కూర్చోవచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు. నా దృష్టిలో అసలు విషయం వేరే: జ్వరం వచ్చిన రోజు బిడ్డను తీసుకురావడానికి ఎవరు వెళ్తారు? కొత్తగా డే కేర్‌లో చేరిన పిల్లలకు మొదటి నెలల్లో జలుబు, జ్వరం, విరేచనాలు మాటిమాటికీ వస్తాయి. వానాకాలం వచ్చిందంటే చేతుల మీద, కాళ్ల మీద, నోట్లో పొక్కులు లేచే వైరస్ కూడా తిరుగుతుంది. ఒళ్లు వెచ్చబడగానే డే కేర్ నుంచి ఫోన్ వస్తుంది, వెంటనే వచ్చి తీసుకెళ్లమని. పొక్కులు లేస్తే తగ్గేదాకా పంపవద్దంటారు. అలా అనడం న్యాయమే. మిగతా పిల్లలు కూడా ఉన్నారు కదా.

ఆఫీసు దగ్గర చేర్చిన బిడ్డ కోసం లేచి వెళ్లేది ప్రతిసారీ తల్లే. మీటింగు ఉన్నా, ఆ రోజు హాల్ టికెట్ చేతిలో ఉన్నా ఆమే. ఇంటి దగ్గరైతే ఆ పని పదిమందికి పంచవచ్చు. మా ఆయన ఆఫీసు తార్నాకలో, అత్తయ్య ఉండేది రామంతాపూర్‌లో, రెండూ మాకు దగ్గరే. డే కేర్ ఫారంలో నా పేరు కింద వాళ్లిద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాయించాను. మొదటి ఫోన్ ఆయనకే చెయ్యమని స్పష్టంగా చెప్పాను. రాయదుర్గం నుంచి నేను రావడానికి పట్టే సమయంలో ఆయన బాబును డాక్టరు దగ్గర చూపించి ఇంటికి కూడా తెచ్చేస్తారు. దగ్గర్లో అలా వెళ్లగలిగిన మనిషి ఒక్కరూ లేకపోతే మాత్రం నా మాట వినకండి. ఆఫీసు పక్కనే చేర్చండి.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. అమ్మమ్మో నాయనమ్మో ఓపికతో, ఇష్టంతో చూస్తానంటే అంతకన్నా ఏం కావాలి? కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి మీద పరిగెత్తే పిల్లవాణ్ని రోజంతా వదలడం న్యాయం కాదు. ఇంట్లో ఆయాను పెట్టుకుంటే, పెద్దవాళ్లొకరు పక్కనే ఉండేలా చూసుకోండి. అంగన్‌వాడీలో మూడేళ్లు దాటాక పూర్వ ప్రాథమిక విద్య, భోజనం దొరుకుతాయి కానీ అది ఆఫీసు వేళలకు సరిపోదు. కేంద్రం పాల్నా పథకం కింద కొన్ని అంగన్‌వాడీల్లో క్రెష్‌లు నడుస్తున్నాయి. మీ వాడలో ఉందేమో కనుక్కోండి.

ఆదివారం జరిగే దూరవిద్య కాంటాక్ట్ క్లాసులకు మాత్రం డే కేర్ అక్కరకు రాదు, ఆ రోజు చాలావరకు మూసేస్తారు. మా ఇంట్లో ఆదివారం పగలు బాబు బాధ్యత మా ఆయనది.

ఎక్కడ చేర్చినా, పరీక్షల నెలలో మాత్రం మొదలుపెట్టకండి. మొదట గంటసేపు, తర్వాత మధ్యాహ్నం భోజనం దాకా, ఆ తర్వాత అక్కడే నిద్రపోయేలా, అలా మెల్లగా అలవాటు చెయ్యాలి. దానికి రెండు మూడు వారాలు చేతిలో ఉంచుకోండి. తర్వాత వచ్చే జలుబులకు ఇంకో నెల. పరీక్షలు డిసెంబరులో అయితే, సెప్టెంబరులోనే చేర్చెయ్యండి.