పాలమూరులో సైకిలెక్కితే: అప్పన్నపల్లి అడవి, పిల్లలమర్రి

మహబూబ్‌నగర్‌లో సైకిల్ తొక్కడానికి ఎక్కడ బాగుంటుందని ఎవరడిగినా నేను అప్పన్నపల్లి అడవి పేరే చెప్తున్నాను. దీన్ని కేసీఆర్ అర్బన్ ఎకో పార్కు పేరుతో తీర్చిదిద్దారు, 2087 ఎకరాలు, జడ్చర్ల వెళ్లే రోడ్డు వైపు. పార్కు అనగానే మనకు గుర్తొచ్చే హంగులన్నీ ముందు భాగంలోనే, లోపలికి పోయేకొద్దీ అసలు సిసలు పాలమూరు చిట్టడవి. ఇంత అడవి ఊరి పక్కనే ఉండటం ఎంత అదృష్టమో మనవాళ్లకే సరిగా తెలియదనిపిస్తుంది.

మా బావమరిదీ నేనూ ఆదివారం తెల్లవారుతూనే న్యూటౌన్ నుంచి బయలుదేరాం. అడవి కన్నా ముందు రోడ్డు సంగతి చెప్పాలి. ఊళ్లోంచి పార్కు దాకా హైవే మీదే పోవాలి, బస్సులు, లారీలు, రాంగ్ సైడులో ఎదురొచ్చే బైకులు, సైకిల్‌కంటూ వేరే దారి లేదు. అప్పన్నపల్లి రైల్వే వంతెన ఎక్కేటప్పుడు మన వేగం సగానికి పడిపోతుంది, వెనక లారీ హారన్ కొడుతూనే ఉంటుంది, అక్కడ మాత్రం నిజంగా టెన్షనే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ వేసి పైన సోలార్ పలకలతో నీడ కూడా ఇచ్చారు, 2023 నుంచి జనం హాయిగా తొక్కుతున్నారు. మనకు అంత హంగు అక్కర్లేదు. ఊరి నుంచి ఈ అడవి గేటు దాకా రోడ్డు వారగా ఒక మీటరున్నర దారి వేసి లారీలు రాకుండా అడ్డు కడితే చాలు, బడి పిల్లలు కూడా వాళ్లంతట వాళ్లు పోయి రాగలుగుతారు. ఇది జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

టికెట్ తీసుకునేటప్పుడే సైకిల్‌తో ఎక్కడి దాకా వెళ్లొచ్చో గేటు దగ్గర అడిగి వెళ్లండి. మమ్మల్ని వెళ్లనిచ్చారు. మొదట చదునైన బాట, వాకింగ్‌కు వచ్చినవాళ్లు పక్కకు జరిగి దారి ఇస్తారు, బెల్ కొట్టి నెమ్మదిగా పోతే సరిపోతుంది. ఆ తర్వాత మట్టి దారి మొదలు. ఎర్రమట్టి, మొరం, అక్కడక్కడా వాన నీరు కోసిన గాడులు. వానలు తగ్గిన కొత్తలో మట్టి గట్టిపడి టైరుకు పట్టు దొరుకుతుంది, అందుకే అక్టోబరు నుంచి జనవరి దాకా రమ్మంటాను. ఎండాకాలంలో అదే మొరం వదులై మలుపుల్లో జారుతుంది, పైగా పాలమూరు ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు కదా. రేసింగ్ సైకిల్ సన్న టైర్లతో ఈ దారిలో కష్టం. లావు టైరు ఉన్న మామూలు గేర్ సైకిల్ చాలు.

దారికి రెండు పక్కలా సీతాఫలం చెట్లు, మోదుగలు, తునికి, మధ్యలో గుండ్రాళ్ల గుట్టలు. కళ్లు విచ్చుకున్న సీతాఫలం ఒకటి చేతికందే ఎత్తులో కనిపించింది, కళ్ల మధ్య గీతలు లేత పసుపు తిరిగి ఉన్నాయి, చీమలు అప్పుడే ఎక్కుతున్నాయి. కోయలేదు, మీరూ కోయొద్దు, పిట్టలకు ఉండనివ్వండి. సీజన్‌లో రోడ్డు పక్కన ఆడవాళ్లు గంపల్లో అమ్ముతారు, అక్కడ కొనుక్కోండి. బాలానగర్ సీతాఫలం అని దేశమంతా పిలిచే రకం మన జిల్లా బాలానగర్ పేరు మీదదే. నెమళ్లు అరుపులు వినిపించాయి గానీ ఒక్కటే కంటపడింది, అది కూడా తోక ఈడ్చుకుంటూ పొదలోకి పోతూ.

వెనక్కి వచ్చే దారిలో వెనక టైరు గాలి దిగిపోయింది. పల్లేరు కాయ. ఆ కాయ ఎటు తిప్పి పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది, దారి మధ్యలో పచ్చిక మొలిచిన చోట మరీ ఎక్కువ. రోడ్డు మీదికి నడిపించుకొచ్చి ఒక పంక్చర్ షాపులో ఇచ్చాం. ఆ పెద్దాయన ట్యూబును నీళ్ల టబ్బులో ముంచి బుడగలు చూపించాడు, అయినా వెంటనే అతుకు వేయలేదు, ముందు టైరు లోపలంతా వేలితో తడిమి విరిగి ఉండిపోయిన ముల్లు మొనను కటింగ్ ప్లేయర్‌తో లాగాడు. "ఇది తియ్యకుంటే మళ్ల గంటకే వస్తవ్ బిడ్డా" అన్నాడు. ముప్పై రూపాయలే తీసుకున్నాడు. ఈ రైడ్ మొత్తంలో అన్నిటికన్నా మంచి సర్వీసు నాకు అక్కడే దొరికింది. మీరు మాత్రం స్పేర్ ట్యూబు, చిన్న పంపు వెంట ఉంచుకోండి, అడవి లోపల షాపులుండవు.

ఇడ్లీ తిని, ఊరు దాటి ఇంకో నాలుగు కిలోమీటర్లు పోతే పిల్లలమర్రి. సైకిల్ పరంగా ఇక్కడ చేసేదేమీ లేదు, బయట తాళం వేసి లోపలికి నడవాల్సిందే, అదే మంచిది కూడా. దాదాపు ఏడు వందల ఏళ్ల చెట్టు, మూడెకరాల మేర పరుచుకుంది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది, చెదలు తినేసింది. మరుసటి ఏడాది మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి కాండంలోకి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఇప్పుడు దూరం నుంచే చూడాలి, ఊడలు పట్టుకుని ఊగిన రోజులు పోయాయి, దానికి బాధపడను. పక్కనే శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి రాళ్లు విప్పి తెచ్చి మళ్లీ కట్టిన రాజరాజేశ్వరాలయం, మ్యూజియం ఉన్నాయి, ఓపిక ఉంటే చూడండి. ఎండ ముదిరేలోపు తిరిగి వచ్చేశాం, మొత్తం ముప్పై కిలోమీటర్లకు అటుఇటుగా.

కొందరు మన్ననూరు వైపు పొమ్మంటారు. అది అమ్రాబాద్ పులుల అడవి, లోపలి దారుల్లో ఇష్టమొచ్చినట్టు సైకిల్ తిప్పడానికి వీల్లేదు, శ్రీశైలం రోడ్డును కూడా రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. అడవి చూడాలంటే అటవీ శాఖ సఫారీ ఎక్కండి.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ముందురోజు రాత్రికే చేరుకుని ఉంటే మేలు. నా స్నేహితుడు దిగిన లాడ్జిలో సైకిల్‌ను గదిలోకి రానివ్వలేదు, రాత్రంతా మెట్ల కింద తాళం వేసి ఉంచి నిద్ర లేకుండా కాపలా కాశాడు. కాబట్టి డబ్బు కట్టకముందే ఫోన్ చేసి సైకిల్ ఎక్కడ పెట్టుకోవాలో అడగండి, కింది అంతస్తు గది ఉంటే అదే తీసుకోండి.