బ్యారెల్ వాంటేజ్: గంధం వాసన కావాలంటే చెంచాడు నీళ్లు పోయాలి

బ్యారెల్ వాంటేజ్ అంటే అమెరికా బర్బన్, అంటే మొక్కజొన్న ఎక్కువగా వేసి చేసే విస్కీ. ముందు అంకె చెప్తాను. ఇందులో ఆల్కహాల్ 57.22 శాతం. మన ఊళ్లలో దొరికే మామూలు విస్కీ 42.8. ఆ లెక్కలో పెగ్గు పోసుకుని రా కొడితే నాలుక మొద్దుబారడం తప్ప ఇంకేం తెలీదు. సీసా మీద 114.44 ప్రూఫ్ అని ఉంటుంది, అమెరికాలో ప్రూఫ్ అంటే శాతానికి రెట్టింపు.

నేనుండేది సిన్సినాటిలో. ఒహాయోలో మందు ధర రాష్ట్ర ప్రభుత్వమే కడుతుంది. నది దాటితే కెంటకీ, అక్కడ ఏ షాపు రేటు ఆ షాపుదే. బేరం కుదిరినా కుదరకపోయినా వంతెన దాటి కోవింగ్టన్ వెళ్లడం నాకు సరదా. ఈ సీసాకి దాదాపు 90 డాలర్లు పెట్టాను.

బ్యారెల్ కంపెనీని లూయివిల్‌లో జో బియట్రిస్ 2013లో పెట్టాడు. వాళ్ల పేరు కాచడంలో కాదు, కలపడంలో వచ్చింది. వాంటేజ్‌లో ఇండియానా, కెంటకీ, టెనెసీ బర్బన్లున్నాయి. బ్లెండ్ అనగానే స్పిరిట్ కలిపారేమోనని మనవాళ్లకి అనుమానం. అదేం లేదు. అన్నీ స్ట్రెయిట్ బర్బన్లే: 51 శాతానికి తగ్గకుండా మొక్కజొన్న, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు.

అసలు కథ ఆ తర్వాతి పీపాలది. ఫినిషింగ్ అంటే సాధారణంగా పోర్ట్ వైనో, రమ్మో, షెర్రీ వైనో పట్టిన పాత పీపాల్లో కొన్నాళ్లు ఉంచుతారు, ఆ తీపి కాస్త విస్కీకి అంటుకుంటుంది. ఇక్కడ అరువు తీపి లేదు. మిజునారా, ఫ్రెంచ్ ఓక్, టోస్ట్ చేసిన అమెరికన్ ఓక్, మూడూ చెక్క రుచులే. మిజునారా జపాన్ ఓక్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బయటి పీపాలు దొరక్క జపాన్ వాళ్లు దీనికి దిగారు. చెట్టు వంకర, పీపా కడితే కారుతుంది, పీపాకి పనికొచ్చేంత లావెక్కడానికి రెండు వందల ఏళ్ల దాకా పడుతుంది. ఇంత తంటా పడేది ఒక్క గంధం వాసన కోసం.

గ్లాసులో 30 మి.లీ. పోసి పది నిమిషాలు వదిలేశాను. నీళ్లు పోయకుండా తాగితే ముందొచ్చేది టోస్ట్ చేసిన ఓక్: మాడీ మాడని చక్కెర, వెనీలా. చెక్కని సన్న సెగ మీద వేడిచేస్తే అందులోని హెమిసెల్యులోజ్ అనే పదార్థం విరిగి ఇచ్చేదే ఆ చక్కెర తీపి. వెనకాలే ఫ్రెంచ్ ఓక్ లవంగం, కాస్త దాల్చినచెక్క. మిజునారా ఊసే లేదు.

ఒక టీస్పూను నీళ్లు పోశాను. ఇప్పుడది 49 శాతం చిల్లర. అప్పుడు లేచింది, సానరాయి మీద గంధం చెక్క అరగదీస్తుంటే వచ్చే వాసన! దాని కింద ఎండుకొబ్బరి. ఇంకో చెంచా పోస్తే గంధం పల్చబడిపోయింది, కాబట్టి ఒక్కటే.

నాకు నచ్చనిది చివర మిగిలే వగరు. చెక్క మీద చెక్క వేసినందుకు ఆ మాత్రం తప్పదేమో గానీ, రెండో పెగ్గుకి నాలుక అంచులు పట్టేస్తాయి, మొక్కజొన్న మెత్తదనం వెతికినా కనపడదు.

నరసరావుపేట నుంచి వచ్చిన మా బావమరిదికి ఇవన్నీ చెప్పాను. ఓపిగ్గా విని, "సోడా ఉందా బావా?" అన్నాడు. పోశాను. గంధం మాయం, తీపి మాత్రం నిలబడింది. "మీరు చెప్పిన వాసనేదీ లేదు గానీ, దిగడం బాగా దిగుతోంది" అన్నాడు. 90 డాలర్ల సరుకు సోడాలో దిగుతుంటే చూడ్డానికి గుండె కావాలి.

మంచింగ్ విషయంలో జాగ్రత్త. వాడికోసం గుంటూరు కారంతో కోడి వేపుడు చేశాం, అది ఈ మందుకి పడలేదు. మిరపకాయ మంటని పట్టే నరాలనే ఆల్కహాలూ రెచ్చగొడుతుంది, రెండూ కలిసేసరికి నోట్లో మంటే మిగిలింది. వేపుడు పక్కన పెట్టి పల్లీ చిక్కీ తీశాక కుదిరింది. బెల్లం ఆ వగరుని సగం మింగేస్తుంది.

నలుగురు కూర్చునే రాత్రికి మాత్రం దీన్ని కొనకండి. ఒక్కరే, వారానికో పెగ్గు, పక్కన నీళ్ల గ్లాసు, చేతిలో చెంచా పెట్టుకుని తాగే రకమైతే డబ్బుకి న్యాయం చేస్తుంది. ఆ టోస్ట్ తీపి ఒక్కటే కావాలనుకుంటే వుడ్‌ఫర్డ్ రిజర్వ్ డబుల్ ఓక్డ్ చాలు: 45.2 శాతమే, మా వైపు దీనికంటే చవక, సోడా పోసినా ప్రాణం ఉసూరుమనదు.