నెల్లూరు లాడ్జిలో ఇచ్చిన రసీదు

ఏ ఫోర్ కాగితాన్ని అడ్డంగా చింపిన సగం ముక్క అది. ఒకవైపు నీలం సిరాతో “రూం 206, అడ్వాన్సు 1,000” అని రాసి, కింద ఒక గీత లాంటి సంతకం. రెండోవైపు ఎవరో నడివయసు తల్లి ఆధార్ జిరాక్స్. కార్డు ముందు భాగం, వెనక భాగం పక్కపక్కన పెట్టి తీసిన కాపీ కావడంతో సగం కాగితంలోనే అన్నీ వచ్చేశాయి: ఆమె ఫొటో, పేరు, ఇంటి నంబరుతో సహా చిరునామా, పన్నెండు అంకెలు.

మేము ముగ్గురం నెల్లూరు వెళ్లింది కంప్యూటర్ భద్రత మీద రెండు రోజుల సదస్సుకు. అక్కడ నేర్చుకున్నది చాలా ఉంది, తిన్న చేపల పులుసు మరచిపోలేనిది. అయినా ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చోబెట్టింది మాత్రం ఆ కాగితమే. ఒంగోలులో నాది చిన్న జిరాక్స్, నెట్ సెంటర్. రోజుకు వంద ఆధార్ కాపీలైనా నా చేతుల మీదుగా పోతాయి. అందుకే అది నాకు అంతగా తగిలింది.

సదస్సు సంగతి చెప్పింది మస్తాన్. ఒక కళాశాలలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాడు. హ్యాకర్ల సమావేశం అనగానే నేను కొంచెం జంకాను. “దొంగతనం నేర్పరు అన్నా, దొంగ ఎక్కడినుంచి వస్తాడో చూపిస్తారు” అన్నాడు. రుసుము మనిషికి 500, రెండు పూటల భోజనంతో కలిపి. మూడో మనిషి ప్రసాదు బ్యాంకు ఉద్యోగి. అతనికి వీటిలో దేని మీదా ఆసక్తి లేదు. ఆదివారం సాయంత్రం మైపాడు బీచికి తీసుకెళతామని మాట ఇస్తేనే బయలుదేరాడు.

శనివారం పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ టికెట్టు 65 రూపాయలు. కావలి దాకా నిలబడి, తరువాత కూర్చుని వెళ్లాం. పెన్నకు మరో పేరు పినాకిని అని ప్రసాదుకు అప్పటిదాకా తెలియదట. ఆ రోజు అతని ముఖం వెలిగింది ఆ ఒక్కసారే.

లాడ్జి ట్రంకు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక వీధిలో. ఫోనులో మాట్లాడినప్పుడు ముగ్గురికి ఏసీ గది రోజుకు 1,600 అన్నారు. చేరాక చూస్తే ఏసీ ఉంది, దాని రిమోటులో బ్యాటరీలు లేవు. అడిగితే బయట కొనుక్కోమన్నారు, 30 రూపాయలు. దుప్పట్లు ఉతికినవే కానీ తడి ఆరక ముందే మడత పెట్టిన వాసన. కిటికీ జాలీకి అరచేయి పట్టేంత చిరుగు. నెల్లూరు దోమల గురించి విన్నవాళ్లకు దాని అర్థం చెప్పనక్కర లేదు. ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే, సర్దుకుపోవచ్చు. కౌంటరు దగ్గర ముగ్గురి ఆధార్ కాపీలూ తీసుకుని, లెక్కపెట్టకుండా ఒక అట్టపెట్టెలో పడేశారు. ఆ పెట్టె కౌంటరు బయటివైపు, చెప్పులు విడిచే చోట ఉంది. అప్పుడే నాకు అనుమానం రావలసింది. పదింటికి సదస్సు మొదలవుతుందన్న తొందరలో పట్టించుకోలేదు.

సదస్సు జరిగిన ఇంజనీరింగ్ కళాశాల ఊరికి దూరంగా హైవే మీద ఉంది. ఆటో 250 అడిగాడు, షేరు ఆటోలో మనిషికి 30తో వెళ్లాం. వెళ్లేవాళ్లు ఎవరైనా షేరు ఆటోనే ఎక్కండి.

మొదటి గంట చట్టం గురించే చెప్పారు, అది నాకు నచ్చింది. అనుమతి లేకుండా, మోసపు బుద్ధితో ఇతరుల కంప్యూటరులో వేలు పెడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు గానీ, అయిదు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. “చేయి దురద పెట్టినప్పుడు ముందు యజమాని సంతకం తెచ్చుకోండి” అని మాట్లాడిన ఆయన రెండుసార్లు చెప్పాడు. 1993లో అమెరికాలోని లాస్ వేగస్‌లో డెఫ్ కాన్ అనే సమావేశం మొదలైంది మొదలు ఇటువంటివి ప్రపంచమంతా జరుగుతున్నాయట.

తరువాతి ప్రసంగం మాత్రం నా కోసమే పెట్టారేమో అనిపించింది. నెట్ సెంటరులో దరఖాస్తులు నింపేటప్పుడు ఆధార్ నంబరు ఒక్క అంకె తప్పు కొడితే చాలు, కంప్యూటరు వెంటనే తప్పు అంటుంది. నెట్టు నిదానంగా ఉన్నా సరే, ఆ ఎర్ర అక్షరాలు మాత్రం రెప్పపాటులో వస్తాయి. ఎక్కడో ఢిల్లీలో ఉన్న సర్వరును అంత త్వరగా ఎలా అడుగుతుందా అని ఏళ్లుగా అనుకునేవాడిని. అడగదట. పన్నెండో అంకె ముందున్న పదకొండింటి నుంచి లెక్కకట్టి పెట్టినది. 1969లో వెర్‌హూఫ్ అనే డచ్చి గణితజ్ఞుడు ప్రకటించిన పద్ధతి. ఏ ఒక్క అంకె మారినా దొరికిపోతుంది, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా దొరికిపోతుంది. మనుషులు టైపు చేసేటప్పుడు ఎక్కువగా చేసే తప్పులు ఆ రెండే కదా! బోర్డు మీద ఊహించి రాసిన నంబరుతో మా చేత లెక్క చేయించారు. నేను రెండోసారికి సరిగ్గా తేల్చాను. మస్తాన్ నా భుజం మీద చరిచాడు. ప్రసాదు వెనక వరుసలో కునికిపాట్లు పడుతున్నాడు.

భోజనం సాంబారన్నం, పెరుగన్నం, ఒక అరటిపండు. ఆకలికి సరిపోయింది, అంతకు మించి చెప్పేదేమీ లేదు.

మధ్యాహ్నం హాలు మూలన ఒక బల్ల మీద తాళంకప్పలు పరిచారు. వాటిలో ఒకటి గాజులా పారదర్శకమైన ప్లాస్టిక్‌తో చేసింది, లోపల జరిగేదంతా కనిపిస్తుంది. అయిదు చిన్న పిన్నులు వరుసగా, ఒక్కొక్కటి రెండు ముక్కలుగా ఉంటాయి. తాళంచెవి పళ్లు వాటిని సరిగ్గా ఎత్తినప్పుడు ఆ ముక్కల మధ్య అతుకులన్నీ ఒకే గీతలోకి వస్తాయి, అప్పుడు గొట్టం తిరుగుతుంది. 1861లో యేల్ అనే అమెరికన్ పేటెంటు తీసుకున్న ఈ అమరికే మన ఇళ్ల తలుపులకూ ఉంది. వంచిన తీగతో గొట్టాన్ని మెల్లగా పక్కకు నొక్కి పట్టుకుని, రెండో తీగతో ఒక్కొక్క పిన్నునే పైకి తోయాలి. సరైన ఎత్తుకు చేరగానే వేలికి చిన్న అదురు తెలుస్తుంది. గట్టిగా నొక్కితే అన్నీ బిగుసుకుపోతాయి. మస్తాన్ పావుగంటలో తెరిచాడు. నేను ముప్పావుగంట కూర్చున్నా నాలుగో పిన్ను దాటలేదు. అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు.

రాత్రి భోజనానికి, ఆటో డ్రైవరు చెప్పిన ఒక మెస్సుకు వెళ్లాం. ఆరు బల్లలు, గోడకు మెనూ కూడా లేదు. కొరమీను పులుసుతో భోజనం 220. పొద్దునే మట్టికుండలో కాచి, రాత్రికి వడ్డిస్తారట. పులుసు చిక్కగా, ముదురు ఎరుపులో, పైన నూనె తేలుతూ ఉంది. అందులో టెంకతో సహా వేసిన మామిడికాయ ముక్క. చింతపండు పులుపు ముందు నాలుకను పట్టుకుంటుంది, మామిడి పులుపు మింగాక వస్తుంది. మా ఇంట్లోనూ చేపల పులుసు బాగా చేస్తారు, కానీ ఈ రెండు పులుపులు ఇలా ఒకదాని వెంట ఒకటి రావడం నేను ఇక్కడే చూశాను. వడ్డించే పెద్దావిడ నా ఆకు చూసి “ఇంకో ముక్క వేయమంటారా నాయనా” అని అడగకముందే వేసింది. దానికి డబ్బు తీసుకోలేదు. నెల్లూరు వెళితే పెద్ద హోటళ్ల జోలికి పోకండి, ఆటోవాళ్లు ఎక్కడ తింటారో అడగండి.

అక్కడే, చేయి కడుక్కుని వచ్చి, ఖర్చులు రాసుకుందామని ప్రసాదు జేబులోంచి లాడ్జి రసీదు తీశాడు. వెనక్కి తిప్పాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత దాన్ని నా ముందుకు తోశాడు.

తిరిగి వెళ్లి మేనేజరును అడిగాను. “వాడేసిన కాగితం సార్, వెనక ఖాళీగా ఉంటే రాసుకుంటాం. ఇందులో తప్పేముంది?” అన్నాడు. ఆమె ఎవరో, ఏ పని మీద వచ్చి ఒక రాత్రి తల దాచుకుందో తెలియదు. ఆమె ముఖం, ఇంటి చిరునామా నా స్నేహితుడి జేబులో తిరుగుతున్నాయి. ఇంకా ఎందరి జేబుల్లో ఎందరి కాగితాలు తిరుగుతున్నాయో! ఆయనకు తప్పు ఎక్కడుందో నిజంగానే అర్థం కాలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. గొంతు పెంచాను. మస్తాన్ నన్ను పైకి తీసుకెళ్లిపోయాడు.

ఆదివారం తెల్లవారుజామున పెన్న ఒడ్డున రంగనాయకుల దర్శనం ప్రశాంతంగా అయింది. టిఫినుకు ఎర్రకారం పూసిన దోసె, 50 రూపాయలు.

ఆ రోజు సదస్సులో ప్రశ్నలకు సమయం ఇచ్చినప్పుడు, పేరు కనిపించకుండా మడిచి, ఆ రసీదు చూపించాను. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. జవాబు చెప్పిన అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయేమో, చాలా ఓపికగా వివరించింది. జిరాక్స్ కాగితం మీది అక్షరాలను ఎవరైనా మార్చి మళ్లీ కాపీ తీయవచ్చు, అది దేనికీ రుజువు కాదు. కార్డు మీది క్యూఆర్ కోడ్‌లో ఉన్న వివరాలకు మాత్రం ఆధార్ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది, ఒక్క అక్షరం మారినా సంతకం పొసగదు. మనిషి ఎవరో తెలుసుకోవాలంటే ఆ కోడ్‌ను ఆధార్ యాప్‌తో చూస్తే చాలు, కాగితం దాచుకోనక్కర లేదు. కాపీ ఇవ్వక తప్పని చోట మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, దాన్ని ఆధార్ వెబ్‌సైటులో ఉచితంగా దించుకోవచ్చు. దాని మీద అడ్డంగా, ఏ పనికి ఇస్తున్నారో తేదీతో సహా రాయండి. ఇవన్నీ నేను నా గిరాకీలకు ఎన్నడూ చెప్పలేదు. అడిగిన కాపీ తీసి రెండు రూపాయలు పుచ్చుకోవడమే నాకు తెలిసిన పని.

ప్రసాదు ఆ పూట కునుకు తీయలేదు. ముందు వరుసకు వచ్చి కూర్చున్నాడు.

సాయంత్రం గది ఖాళీ చేసేటప్పుడు బిల్లు వచ్చింది: రెండు రోజులకు 3,200, జీఎస్టీ 18 శాతం చొప్పున 576, మొత్తం 3,776. 7,500 లోపు అద్దె గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతమే. అంటే 160 రూపాయలు కావాలి. నేను ఆ మాట ఎత్తేలోగా ప్రసాదు బిల్లు తలభాగం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టాడు. “జీఎస్టీ నంబరుకు పదిహేను అక్షరాలు ఉండాలి. మన రాష్ట్రానికి ముందు 37, తరువాత పది అక్షరాల పాన్ నంబరు, ఆపైన మూడు. ఇక్కడ పద్నాలుగే ఉన్నాయి” అన్నాడు. అచ్చుతప్పు అన్నాడు మేనేజరు. “అయితే రిజిస్ట్రేషన్ పత్రం చూపించండి, అది కౌంటరు దగ్గర కనిపించేటట్టు పెట్టాలి కదా” అన్నాడు ప్రసాదు, గొంతు ఏమాత్రం పెంచకుండా. పత్రం లేదు. పావుగంట తరువాత 576 కొట్టేసి, అడ్వాన్సు పోను 2,200 తీసుకున్నారు. సరైన బిల్లు మాత్రం చివరిదాకా ఇవ్వలేదు. ఎక్కడ దిగినా డబ్బు చేతికివ్వక ముందే ఆ అక్షరాలు లెక్కపెట్టండి.

డబ్బు దక్కింది. మా కాపీలు తిరిగి ఇమ్మన్నాను. అట్టపెట్టె బోర్లించి నేనే వెతికాను. నాది దొరికింది, మస్తాన్‌ది దొరికింది. ప్రసాదుది దొరకలేదు. పెట్టెలో లేదు, రిజిస్టరులో లేదు, కౌంటరు కింద లేదు. మేనేజరు మొదటిసారి తల దించుకున్నాడు. ముందురోజు ఆ పెట్టెలోంచి ఎవరెవరికి ఏ ముక్కలు రాసిచ్చాడో ఆయనకు గుర్తులేదు.

వెతుకులాటలో చీకటి పడింది. మైపాడు పోలేదు. బస్టాండు దగ్గర మలై కాజా అరకిలో కొన్నాను, 240. ప్రసాదు ముట్టలేదు. బస్సులో అతను దారి పొడుగునా ఫోనులో తలదూర్చి, ఆధార్ యాప్ తెరిచి వేలిముద్రలకు తాళం వేశాడు. అంటే అతను మళ్లీ తెరిచేదాకా ఆ వేలిముద్రతో ఎక్కడా డబ్బు తీయడానికి వీలుండదు. అది అయ్యాక మా ఇద్దరి ఫోన్లలోనూ వేయించాడు. సింగరాయకొండ దాటాక గానీ మాట్లాడలేదు. “నీ షాపులో చెడిపోయిన కాపీలు ఏం చేస్తావు?” అని అడిగాడు.

పాత కాగితాలవాడికి వేస్తాను. కిలో 12 రూపాయలు. పన్నెండేళ్లుగా వేస్తున్నాను. ఆ మాట అతనికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సోమవారం షాపు తలుపు సగం దించి, బల్ల కింది బుట్ట బోర్లించాను. వంకరగా వచ్చినవి, సిరా చాలక మసకగా వచ్చినవి, గిరాకీలు మరచిపోయి వెళ్లినవి: ఆధార్లు, బ్యాంకు పాసుబుక్కులు, ఒక పెళ్లి రిజిస్ట్రేషను. ముందు బకెట్టు నీళ్లలో నానబెట్టి చూశాను. కాగితం మెత్తబడింది కానీ అక్షరాలు పోలేదు. జిరాక్స్ సిరా అంటే వేడికి కరిగి కాగితానికి అంటుకున్న ప్లాస్టిక్ పొడి, నీళ్లకు పోదు. మిగిలినవాటిని చేత్తోనే చింపాను. ముందు ముఖాలు, తరువాత అంకెలు. నెల్లూరు నుంచి తెచ్చిన ఆ తల్లి కాగితం కూడా. మధ్యాహ్నం దాకా పట్టింది.

బుధవారం పాత కాగితాలవాడు వచ్చాడు. బస్తా విప్పి చూసి, ముక్కలైతే కిలోకు ఎనిమిదే ఇస్తానన్నాడు. తూయమన్నాను.