వాట్స్‌మాన్: బొమ్మలో ఒకటి, కళ్లెదుట ఇంకొకటి

"అక్కా, ఈ బొమ్మ వేసినాయన ఈ కొండ మొహం కూడా చూడలేదట!" అని మా తమ్ముడు అనకపోయుంటే మేం జర్మనీ దక్షిణ కొసన, వాట్స్‌మాన్ కొండ దగ్గరున్న బెర్ఖ్‌టెస్‌గాడెన్ ఊరి దాకా పోయేవాళ్లమే కాదు.

బెర్లిన్ మ్యూజియం ఐలాండ్‌లోని ఆల్టే నేషనల్ గ్యాలరీలో ఉంది ఆ బొమ్మ (సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి). జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిఖ్ 1824-25లో వేసిన 'వాట్స్‌మాన్'. అడ్డం 170, నిలువు 135 సెంటీమీటర్లు. పైన తెల్లటి మంచు శిఖరం, కింద గోధుమరంగు గుట్టలు, ముందు రాళ్లు, పొదలు. మనిషి లేడు, గుడిసె లేదు, కాలిబాటైనా లేదు. ఆగస్ట్ హైన్రిఖ్ అనే శిష్యుడు అక్కడికి వెళ్లి గీసుకొచ్చిన నీటిరంగుల బొమ్మ చూసి గురువుగారు కొండ వేశారు. ముందున్న రాళ్లేమో ఎక్కడో ఉత్తరాన హార్జ్ కొండల్లో తాను గీసుకున్నవి. అతుకుల బొంతే, కానీ అతుకు ఎక్కడుందో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

అంతకు కాస్త ముందు లుడ్విగ్ రిఖ్టర్ అనే ఇంకో చిత్రకారుడు కూడా ఇదే కొండను జలపాతంతో సహా వేశాడు. మ్యూనిక్‌లో దిగి అదీ చూద్దామంటే, అది ఉండే నోయె పినకొథెక్ మ్యూజియాన్ని 2018 చివర్లోనే మరమ్మతులకు మూసేశారు. సరేలెమ్మని బవేరియా టికెట్ (ఆ రాష్ట్రంలో లోకల్ రైళ్లలో రోజంతా తిరిగే టికెట్) కొనుక్కుని రైలెక్కాం. మామూలు రోజుల్లో ఆ టికెట్ పొద్దున తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. ఫ్రైలాసింగ్‌లో బండి మారాలి.

దిగిన గెస్ట్‌హౌస్ శుభ్రంగానే ఉంది, కానీ లిఫ్టు లేదు. మూడో అంతస్తుకు సూట్‌కేసులు మోసేసరికి మా ఆయన నాతో గంటసేపు మాట్లాడలేదు. వాళ్లిచ్చిన గెస్ట్ కార్డుతో ఊళ్లో బస్సులు ఉచితం, అదొక్కటే ఊరట. ఆదివారం కొట్లన్నీ బంద్. బ్రెడ్డులో ఆవకాయ పెట్టుకుని తిన్నాం.

రెండు రోజులు మబ్బే. కొండ ఉందో లేదో తెలియదు. ఆ మబ్బులోనే కోనిగ్స్‌సే సరస్సుకు వెళ్లాం. అక్కడ 1909 నుంచీ కరెంటు పడవలే, చప్పుడుండదు. నడిమధ్యలో ఆపి పడవాయన ట్రంపెట్ ఊదితే, క్షణం ఆగి రాతిగోడ అదే పాట తిరిగి పాడింది. తర్వాత చిల్లర అడిగాడనుకోండి, సంతోషంగానే ఇచ్చాం. టికెట్ ఖరీదెక్కువే గానీ దండగ కాదు. పొద్దున్నే వెళ్లకపోతే మాత్రం క్యూలో కాళ్లు పీకుతాయి. ఎర్ర గుమ్మటాల సెయింట్ బార్తలోమే చర్చి దగ్గర దిగితే వాట్స్‌మాన్ సరిగ్గా మన నెత్తిమీదే ఉంటుంది. మబ్బు లేకపోయినా అంత దగ్గర్నుంచి కొండ రూపం తెలియదు, గోడే కనిపిస్తుంది.

మూడో రోజు పొద్దున ఊళ్లోంచే కనిపించింది. క్రూరుడైన రాజు కుటుంబంతో సహా రాయైపోయాడని అక్కడివాళ్ల కథ. కుడివైపు రాజు, 2,713 మీటర్లు. ఎడమవైపు రాణి. మధ్యలో పిల్లలు, పళ్లవరుసలా. బొమ్మలోని ఆ చల్లటి ఒంటరితనం ఇక్కడ లేదు, ఇది నిండు సంసారం. నాకైతే బొమ్మే నచ్చింది. మా ఆయన ఒప్పుకోలేదు.

ఫొటో తీస్తే, హార్జ్ రాళ్లుండాల్సిన చోట బస్‌స్టాప్ పడింది.