వెర్బేటిమ్ సమీక్ష: డిబేట్ క్యాంప్‌లో పాఠం చెప్పేవాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికాలో ఎండాకాలం సెలవుల్లో హైస్కూలు పిల్లలకు జరిగే డిబేట్ క్యాంపుల్లో ఇన్‌స్ట్రక్టరుగా చేరేవాళ్ళు ముందుగా చేతికి అలవాటు చేసుకోవాల్సింది వెర్బేటిమ్. ఇది డిబేట్‌లో చదివే ఆధారాలను సిద్ధం చేసుకోవడానికి మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పనిచేసే టెంప్లేట్. ఉచితం. ఆరన్ హార్డీ అనే డిబేట్ కోచ్ తయారుచేశాడు. ప్రభుత్వ విధానాల మీద ఆధారాలు చదువుతూ వాదించే పాలసీ డిబేట్ టీములు ఆ కాగితాలను పెద్ద పెద్ద ప్లాస్టిక్ టబ్బుల్లో పెట్టుకుని టోర్నమెంట్లకు మోసుకెళ్ళే రోజులు పోయాయంటే అందులో దీని వాటా పెద్దది. పనిముట్టుగా దీనికి వంక పెట్టేది తక్కువ. కానీ క్యాంప్ మొదటి రోజే పిల్లల చేతికిస్తే వ్యాసం చదవడం రాకముందే దాన్ని కట్ చేయడం, అంటే అందులోంచి ఆధారం ముక్కలు తీసి కార్డుగా మార్చడం, వచ్చేస్తుంది. ఆ అలవాటు మాన్పించడానికి మిగతా రోజులన్నీ పోతాయి.

డిబేట్‌లో కార్డంటే మూడు భాగాలు. పైన ట్యాగు, అంటే ఈ ఆధారం ఏం రుజువు చేస్తుందో చెప్పే ఒక వాక్యం. దాని కింద సైటు, అంటే సైటేషన్: రచయిత పేరు, అర్హత, తేదీ, వ్యాసం పేరు, ప్రచురించిన చోటు, లింకు. ఆ కింద అసలు వ్యాసంలోని పేరాలు, ఒక్క మాట కూడా మార్చకుండా. అందులో ముఖ్యమైన చోట్ల గీత, గీత గీసినదాంట్లో గట్టిగా చదివి వినిపించే మాటలకు మాత్రం రంగు. వెర్బేటిమ్ ఈ పనులన్నిటినీ కీబోర్డు పై వరుసలోకి తెచ్చింది. ఎఫ్2 నొక్కితే కాపీ చేసింది ఫార్మాటింగ్ లేకుండా పేస్టు అవుతుంది. ఎఫ్3 విరిగిన లైన్లను కలుపుతుంది. ఎఫ్4 నుంచి ఎఫ్7 దాకా నాలుగు స్థాయిల శీర్షికలు: పాకెట్, హ్యాట్, బ్లాక్, ట్యాగ్. ఎఫ్8 సైటులో రచయిత ఇంటిపేరు, సంవత్సరం మీద నొక్కాలి. ఎఫ్9 గీత, ఎఫ్10 గట్టిగా నొక్కిచెప్పాల్సిన మాటలకు, ఎఫ్11 రంగు, ఎఫ్12 ఈ ఫార్మాటింగ్ అంతా చెరిపేస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట 2, 3, 7, 8, 9, 11 చాలు. పాకెట్, హ్యాట్ సంగతి ఫైలు పెద్దదయ్యాక చెప్పుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేయడం దగ్గరే ల్యాబ్‌లో (క్యాంపులో ఒక ఇన్‌స్ట్రక్టరు దగ్గర నేర్చుకునే గుంపును అలా అంటారు) పొద్దంతా పోయే ప్రమాదం ఉంది. విండోస్‌లో ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైళ్ళలోని మ్యాక్రోలను (ఇలాంటి మీటల పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములను) వర్డ్ ఇప్పుడు దానంతటదే అడ్డుకుంటుంది. టెంప్లేట్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, అడుగున ఉన్న అన్‌బ్లాక్ గడిలో టిక్ పెట్టాలి. ఇది తెలియక పిల్లలు నాలుగుసార్లు తీసేసి నాలుగుసార్లు పెడుతుంటారు. ల్యాప్‌టాపుల్లో ఎఫ్ మీటలు వెలుతురు తగ్గించడానికో, శబ్దం పెంచడానికో కేటాయించి ఉంటాయి. విండోస్ మెషీన్లు చాలావాటిలో ఎఫ్‌ఎన్ మీటను ఎస్కేప్‌తో కలిపి నొక్కితే ఆ లాక్ మారుతుంది. మ్యాక్‌లో కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళి ఎఫ్ మీటలను మామూలు ఫంక్షన్ మీటలుగా వాడమని చెప్పాలి. అది చేసినా మ్యాక్‌లో ఎఫ్11 నొక్కగానే కిటికీలన్నీ పక్కకు జరిగి డెస్క్‌టాప్ కనిపించవచ్చు. ఆ షార్ట్‌కట్‌ను సిస్టమ్ సెట్టింగుల్లో విడిగా తీసేయాలి. మొత్తమ్మీద మ్యాక్‌లో వెర్బేటిమ్ పనిచేస్తుంది కానీ విండోస్‌లో ఉన్నంత సాఫీగా ఉండదు.

క్రోమ్‌బుక్ అయితే లాభం లేదు. బ్రౌజర్‌లో తెరిచే వర్డ్ మ్యాక్రోలను నడపదు కాబట్టి వెర్బేటిమ్‌కు చోటే లేదు. స్కూలు ఇచ్చిన ల్యాప్‌టాప్‌తో ఇంకో తంటా: చాలావాటిలో అడ్మిన్ అనుమతి లేకుండా మ్యాక్రోలు నడవవు, క్యాంప్ జరిగేది సెలవుల్లో, స్కూల్లో ఫోనెత్తే ఐటీ మనిషి ఉండడు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండి పిల్లల్ని డిబేట్‌కు పంపే తెలుగు అమ్మానాన్నలు క్యాంప్ ఫీజు కట్టేముందు ఈ ఒక్క విషయం చూసుకుంటే మంచిది. కొత్త ల్యాప్‌టాప్ కొననక్కర్లేదు. ఇంట్లో ఉన్న పాత విండోస్ మెషీన్‌లో డెస్క్‌టాప్ వర్డ్ ఉంటే చాలు. ఇన్‌స్ట్రక్టర్లు మాత్రం క్యాంపుకు వారం ముందే ఇన్‌స్టాల్ సూచనలు పంపి, ఎఫ్7 పనిచేస్తున్న స్క్రీన్‌షాట్ తిరిగి పంపమని అడగాలి. "అయిపోయింది సార్" అన్న జవాబు నమ్మితే వెర్బేటిమ్ తెరిచే రోజు పొద్దున సగం మంది చేతులెత్తుతారు.

ఇక అసలు పని. వ్యాసంలో ఇలా ఒక వాక్యం ఉందనుకోండి: "సబ్సిడీ తగ్గిస్తే కొన్ని రాష్ట్రాల్లో, కనీసం మొదటి రెండేళ్ళ పాటు, సౌర విద్యుత్‌లో కొత్త పెట్టుబడులు మందగించే అవకాశం ఉంది." ఎఫ్11 చేతిలో ఉన్న పదిహేనేళ్ళ పిల్ల "సబ్సిడీ తగ్గిస్తే", "సౌర విద్యుత్‌లో కొత్త పెట్టుబడులు మందగించే" అన్న ముక్కలకు రంగు వేస్తుంది. పైన ట్యాగులో "సబ్సిడీ తగ్గిస్తే సౌర విద్యుత్ రంగం కుప్పకూలుతుంది" అని రాస్తుంది. కొన్ని రాష్ట్రాలు పోయాయి, రెండేళ్ళు పోయాయి, అవకాశం పోయింది. ఒక్క మాటా చెరపలేదు, అన్నీ పేజీ మీదే ఉన్నాయి. కానీ చదివి వినిపించేది రచయిత చెప్పిన మాట కాదు. ఎదుటి టీములో ఒక్కరు రంగు లేని భాగాన్ని చదివితే చాలు, వాళ్ళు ప్రశ్నలడిగే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ కార్డు నిలబడదు. వెర్బేటిమ్ ఈ తప్పును పట్టదు, పట్టలేదు. పట్టాల్సింది ఇన్‌స్ట్రక్టరు. కాబట్టి ప్రతి కార్డునూ రెండుసార్లు చూడాలి: ఒకసారి రంగు వేసిన మాటలు మాత్రమే, రెండోసారి రంగు వేయనివి మాత్రమే. రెండోసారి చదివేటప్పుడు "కానీ", "అయితే", "కొంతవరకు", "ఉండవచ్చు" తగిలిన చోటల్లా ఆగి పిల్లల్ని అడగాలి.

పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ప్రతి లైను చివరా తెగిపోతుంది. ఎఫ్3 వాటిని క్షణంలో కలిపేస్తుంది, కానీ సెట్టింగు చూసుకోకపోతే పేరాల హద్దులు కూడా చెరిపి అంతా ఒకే ముద్ద చేస్తుంది. పేరా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకపోతే మధ్యలో ఏదైనా దాచారేమోనన్న అనుమానం వస్తుంది. సెట్టింగుల్లో పేరాల హద్దులు నిలిపే ఎంపిక ఉంది, కలిపేసిన చోట పేరా గుర్తు పెట్టే ఎంపికా ఉంది. రెంటిలో ఒకటి వెర్బేటిమ్ మొదలుపెట్టిన రోజే అందరి మెషీన్లలో ఆన్ చేయించాలి. లైను చివర విరిగిన మాటల మధ్య గీతలు మిగిలిపోతుంటాయి, అవి చేత్తో సరిచేసుకోవాలి. అమెరికా స్కూలు డిబేట్లకు నియమాలు పెట్టే నేషనల్ స్పీచ్ అండ్ డిబేట్ అసోసియేషన్ నియమాలు ఆధారాల విషయంలో కచ్చితంగా ఉంటాయి. అసలు వ్యాసంలో లేని చుక్కలు పెట్టి మధ్య వాక్యాలు ఎగరగొట్టకూడదు. రంగు వేసినదంతా చదవకుండా చదివామని చెప్పుకోవడాన్ని క్లిప్పింగ్ అంటారు, దానికి రౌండ్ పోవచ్చు. పిల్లలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే, అదీ చాలావరకు తెలియక. ఎనిమిది నిమిషాల ప్రసంగంలో టైం అయిపోతుంటే కార్డు మధ్యలో ఆపి తర్వాతి కార్డుకు దూకుతారు. ఎక్కడ ఆపారో అక్కడే "ఇక్కడ ఆపాను" అని గట్టిగా చెప్పి, డాక్యుమెంట్‌లో గుర్తు పెట్టడం ప్రాక్టీసులోనే అలవాటు చేయాలి.

వెర్బేటిమ్‌లో బాగా నచ్చేది స్పీచ్ డాక్యుమెంట్ ఏర్పాటు. ప్రసంగానికి కొత్త ఫైలు తెరిచి, పెద్ద ఫైల్లో కావాల్సిన కార్డు మీద కర్సర్ పెట్టి, ట్యాబ్ మీటకు పైన 1 అంకె పక్కనుండే మీట నొక్కితే ఆ కార్డు మొత్తం ప్రసంగం ఫైల్లోకి వెళ్ళిపోతుంది. పక్కన నావిగేషన్ పేన్‌లో శీర్షికలు కనిపిస్తుంటాయి, వాటిని పట్టుకుని పైకీ కిందకీ లాగి వరుస మార్చుకోవచ్చు. ఇదంతా శీర్షికల మీద ఆధారపడిన ఏర్పాటు. గూగుల్ డాక్స్‌లోంచి తెచ్చిన ఫైళ్ళలో ట్యాగులు పెద్ద అక్షరాల్లోనే ఉన్నా వర్డ్ లెక్కలో శీర్షికలు కావు. అలాంటప్పుడు పేన్ ఖాళీగా ఉంటుంది, పంపే మీట కూడా కార్డు హద్దులు గుర్తించలేదు. మందు ఒక్కటే: ప్రతి ట్యాగు మీదా ఎఫ్7. ప్రసంగం మొదలుపెట్టే ముందు ఎదుటి టీముకు పంపాల్సింది ఈ చిన్న ఫైలునే, వందల పేజీల అసలు ఫైలును కాదు. ఈమెయిల్ చైన్ అయినా, ఫైళ్ళు పంచుకునే స్పీచ్‌డ్రాప్ వెబ్‌సైటు అయినా పంపడానికి పట్టే సమయాన్ని ప్రాక్టీస్ రౌండ్లలోనే కొలవండి. టోర్నమెంట్లలో రౌండ్లు ఆలస్యం కావడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

రంగు వేసిన మాటలు మాత్రమే కనిపించేలా మిగతాదాన్ని దాచే ఇన్విజిబిలిటీ మోడ్ చదివేటప్పుడు బాగుంటుంది. కట్ చేసేటప్పుడు మాత్రం వద్దు. ఆన్‌లో ఉన్న సంగతి మరిచిపోయి కార్డు సగం పోయిందని కంగారుపడి, పిల్లలు మళ్ళీ పేస్టు చేసుకుంటారు. ఫైలు ఎవరికైనా పంపేముందు తప్పకుండా ఆఫ్ చేయించాలి. రంగు వేసిన మాటల్ని లెక్కపెట్టి ఎంత సమయం పడుతుందో అంచనా చెప్పే సదుపాయం ఇంకా విలువైనది, దాన్ని తక్కువ మందే వాడుకుంటున్నారు. నిమిషానికి 160 మాటలు స్పష్టంగా చదివే పిల్లవాడికి ఎనిమిది నిమిషాల్లో వచ్చేది 1,280 మాటలు. 250 చదివేవాడికి 2,000. సీనియర్ల ఫైలు తీసుకుని అదే రంగుతో చదవబోయిన కొత్తవాళ్ళు సగంలో ఆగిపోయేది ఈ లెక్క చూసుకోకే. వేగం పెంచుకోమని చెప్పే ముందు రంగు తగ్గించుకోమనాలి. క్యాంపులు బయటపెట్టిన ఫైళ్ళు ఓపెన్ ఎవిడెన్స్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ల్యాబ్‌లో ఒకే ఫైలు అందరికీ ఇచ్చి, ఎవరి వేగానికి తగ్గట్టు వాళ్ళచేత మళ్ళీ రంగు వేయించడం మంచి కసరత్తు.

ఎప్పుడు చేతికివ్వాలి? రెండు వారాల క్యాంపులో మొదటి రెండు రోజులు కాగితం మీద. ఒక్కొక్కరికి నాలుగు పేజీల వ్యాసం ప్రింటు, ఒక పెన్సిలు, ఒక హైలైటర్. వ్యాసం మొత్తం చదివి, రచయిత వాదన మూడు వాక్యాల్లో రాసి, ఆ తర్వాతే గీత గీయాలి. మూడో రోజు అదే వ్యాసాన్ని వెర్బేటిమ్‌లో కట్ చేయిస్తే మీటలు గంటలో వచ్చేస్తాయి. ఏది గీయాలో అప్పటికే తెలుసు కాబట్టి చేతి పని మాత్రమే నేర్చుకోవాలి. ఈ వరుస తిరగేస్తే మూడో రోజుకు ఒక్కొక్కరి దగ్గర ముప్పై కార్డులుంటాయి, ఒక్కదాంట్లో రచయిత ఏం చెప్పాడో అడిగితే జవాబు ఉండదు.

పాలసీ, లింకన్-డగ్లస్, పబ్లిక్ ఫోరమ్ డిబేట్ పద్ధతులు చెప్పేవాళ్ళకు ఇది కావాల్సిందే. వరల్డ్ స్కూల్స్ పద్ధతిలో నడిచే క్యాంపులకు పెద్దగా అవసరం లేదు. అక్కడ కార్డులు చదవరు. అప్పటికప్పుడు ఇచ్చే అంశాల మీద గంటసేపు ఇంటర్నెట్ లేకుండా సిద్ధమవుతారు, ఆధారాన్ని తమ మాటల్లో చెప్తారు. హైదరాబాద్‌లో వరల్డ్ స్కూల్స్‌కు పిల్లల్ని తయారుచేసేవాళ్ళు ఆ సమయాన్ని వాదన అల్లించడం మీద, ప్రత్యర్థి మధ్యలో లేచి వేసే ప్రశ్నలకు జవాబు చెప్పించడం మీద పెడితే ఎక్కువ ఫలితం.

క్యాంప్ చివరి రోజు ఒక పని మిగులుతుంది. ల్యాబ్ షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళ లింకు సెలవుల తర్వాత తెరుచుకోకపోవచ్చు. ఇంటికెళ్ళే ముందే ప్రతి ఒక్కరూ తమ ఫైళ్ళతో పాటు టెంప్లేట్ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లోకి దించుకున్నారో లేదో ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి చూడాలి. స్కూలు తెరిచాక స్కూలు ల్యాప్‌టాప్ వాడబోయేవాళ్ళచేత, మ్యాక్రోలకు అనుమతి అడుగుతూ తమ కోచ్‌కు రాయాల్సిన మెయిల్ అక్కడే రాయించి పంపించాలి.