వీర్యం ఆలస్యంగా రావడం: ముందు డాక్టరా, థెరపిస్టా?

ఎంతసేపు చేసినా స్కలనం అవ్వట్లేదు, 6 నెలలుగా ఇదే వరస, ఎవరికి చెప్పుకోవాలో తెలీక లోలోపలే కుమిలిపోతుంటారు చాలామంది.

డాక్టర్ చూసేది: షుగర్ వల్ల దెబ్బతిన్న నరాలు, హార్మోన్లు, వాడే మందులు.
థెరపిస్ట్ చూసేది: భయం, ఒత్తిడి, ఒంటరిగా చేసుకునేప్పుడు బాగా గట్టిగా పట్టుకునే అలవాటు.

ఖర్చు: డాక్టర్ దగ్గర టెస్టులకి, థెరపిస్ట్ దగ్గర ప్రతి సిట్టింగ్‌కీ.

రిస్క్: పారాక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందుల వల్ల ఇలా అవుతుంది నిజమే, కానీ దయచేసి మీ అంతట మీరు ఆపేయకండి, డిప్రెషన్ తిరగబెట్టొచ్చు, డోసు తగ్గించాలన్నా మార్చాలన్నా డాక్టరే చెయ్యాలి. థెరపీకి ఓపిక కావాలి, పార్ట్‌నర్ కూడా వస్తే చాలా మేలు.

ఒంటరిగా మామూలుగానే అయిపోయి పార్ట్‌నర్‌తో మాత్రమే అవ్వకపోతే థెరపిస్ట్. ఎలా చేసినా అవ్వకపోయినా, కొత్త మందు మొదలెట్టాకే వచ్చినా ముందు డాక్టర్.