నర్గీస్ తరువాత ఐరావతి పాయల్లో స్వచ్ఛంద బియ్యపు పడవలు: ఒక సేవా సమీక్ష

ఈ సమీక్షకు తీసుకొన్న సేవకు పేరు లేదు, కార్యాలయం లేదు, ఫలానావారు యజమానులని చెప్పడానికి ఎవరూ లేరు. 2008 మే నెలలో నర్గీస్ తుపాను మయన్మార్‌లోని ఐరావతి డెల్టాను ముంచెత్తిన తరువాత యాంగోన్ నగరం నుంచి, డెల్టాలోని చిన్న పట్టణాల నుంచి మామూలు పౌరులు తమ సొమ్ముతో బియ్యం కొని, పడవలు కుదుర్చుకొని, నదీపాయల వెంట ఊళ్లకు చేర్చిన ఆహార సహాయాన్ని ఒక సేవగా లెక్కించి ఇక్కడ తూకం వేస్తున్నాను. మంచి మనసుతో చేసిన పనికి మార్కులు వేయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆకలితో గట్టున నిలబడ్డ మనిషి చూసుకొనేది పడవ సమయానికి వచ్చిందా, అందులో వండుకోగలిగినది ఉందా, తన వంతు తనకు దక్కిందా అన్నవే. తెచ్చినవారి మంచితనం ఆ తరువాతి సంగతి. నా తీర్పు ముందే చెప్పేస్తాను. మారుమూల ఊళ్లను చేరుకోవడంలో ఆ మొదటి మూడు వారాల్లో ఈ సేవకు సాటి రాగలిగినది లేదు. పంపకంలో ఇది మధ్యస్థం. తిరిగి రావడంలో బలహీనం.

ఐరావతి సముద్రంలో కలిసే ముందు అనేక పాయలుగా చీలుతుంది. ఆ పాయలను కలుపుతూ లెక్కలేనన్ని కాలువలు, వాటి నడుమ నీటిమట్టానికి అంతగా ఎత్తు లేని వరి పొలాలు, గట్ల మీద వెదురుతోను తాటాకుతోను కట్టిన ఇళ్లు ఉంటాయి. మే 2 సాయంత్రం తుపాను తీరం దాటినప్పుడు సుమారు 12 అడుగుల ఉప్పెన ఈ పల్లపు నేల మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 84,537 మంది మరణించగా 53,836 మంది ఆచూకీ దొరకలేదు; తీవ్రంగా నష్టపోయినవారు 24 లక్షల మంది. అన్నిటికంటె ఎక్కువ దెబ్బ తిన్నవి లబుట్ట, బొగలే ప్రాంతాలు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి పెద్దల నోట విన్నవారికి ఇంతకంటె వర్ణన అక్కరలేదు.

సేవ ఎందుకు పుట్టిందో తెలియకపోతే దాని గుణదోషాలు సరిగా అర్థం కావు. తుపాను వస్తున్నదని భారత వాతావరణ శాఖ రెండు రోజుల ముందే మయన్మార్‌కు తెలియజేసింది. తుపాను తరువాత మన నౌకాదళపు ఐఎన్ఎస్ రాణా, ఐఎన్ఎస్ కిర్పాణ్ నౌకలు తొలి వారంలోనే సహాయ సామగ్రితో యాంగోన్ చేరాయి. అంతటి వేగం ఇతరుల్లో చాలామందికి సాధ్యం కాలేదు, కానివ్వలేదు అనడమే నిజం. సైనిక పాలకులు విదేశీ సహాయ సిబ్బందికి వీసాలు ఇవ్వకుండా రోజులు గడిపారు. ఐక్యరాజ్యసమితి సంస్థ అయిన ప్రపంచ ఆహార కార్యక్రమం విమానంలో పంపిన 38 టన్నుల బిస్కెట్లను మే 9న యాంగోన్ విమానాశ్రయంలోనే తమ అధీనంలోకి తీసుకొన్నారు. ఆ మరునాడే దేశంలో ఎక్కువ భాగంలో రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిపించారు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ స్వయంగా వెళ్లి సైనికాధినేత థాన్ ష్వేను కలిసి, సహాయ సిబ్బందిని రానిస్తామన్న మాట తీసుకొనేసరికి మే 23 వచ్చింది. తుపానుకూ ఆ మాటకూ మధ్య గడిచిన మూడు వారాలే ఈ పడవల కాలం.

వీటిని నడిపినవారిలో వర్తకులు, విద్యార్థులు, వైద్యులు, నటులు, బౌద్ధ భిక్షువులు అందరూ ఉన్నారు. సీతగు సయాడో వంటి పెద్ద భిక్షువు పిలుపునిస్తే దేశం నలుమూలల నుంచి వచ్చిన విరాళాలు ఒక పెద్ద ప్రవాహంగా డెల్టాకు కదిలాయి. హాస్యనటుడు జర్గనార్ కొన్ని వందలమంది స్వచ్ఛంద సేవకులను కూడగట్టాడు. అయితే వీరికంటె ఎక్కువ సంఖ్యలో ఉన్నవి ఒక వీధివారో, ఒక కంపెనీలో పనిచేసేవారో, ఒక కుటుంబమో కలిసి ఏర్పరచుకొన్న చిన్న బృందాలు. పద్ధతి అందరిదీ ఇంచుమించు ఒకటే: లారీ మీద సరుకు లబుట్ట, బొగలే, ప్యాపోన్ వంటి రేవు పట్టణం దాకా తీసుకువెళ్లడం, అక్కడ స్థానికుడి ఇంజను పడవను మాట్లాడుకోవడం, ఆ పైన ఎటు వెళ్లాలన్నది పడవ నడిపే సరంగు చెప్పినట్టు వినడం.

ఈ చివరి మాటలోనే ఈ సేవ బలమంతా ఉందని నా అభిప్రాయం. డెల్టా కాలువల్లో నీరు సముద్రపు ఆటుపోట్లను బట్టి రెండు వైపులకూ ప్రవహిస్తుంది. పోటు మీద లోపలికి వెళ్లిన పడవ, నీరు వెనక్కి తీసేలోగా సరుకు దించుకొని బయటపడకపోతే బురదలో కూరుకొని మరో పోటు వచ్చేదాకా అక్కడే ఉండిపోవాలి. ఏ కాలువలో ఏ వేళకు ఎంత లోతు ఉంటుందో, ఉప్పెనకు కూలిన చెట్లు ఏ మలుపులో అడ్డం పడ్డాయో, ఏ ఊరు మిగిలిందో, ఏ ఊరు పేరుకు మాత్రమే మిగిలిందో పటం చూసి తెలుసుకోగలిగినవి కావు. ఇదంతా ఆ నీళ్ల మీద పుట్టి పెరిగిన సరంగుకే తెలుసు. పెద్ద నౌకకు అడుగు తగిలే కాలువలో, హెలికాప్టరు దిగడానికి గజం పొడినేల లేని చోట, చుక్కాని పట్టిన ఆ ఒక్క మనిషి ఉంటే చాలు, నాటు పడవ నేరుగా ఇంటి గుమ్మం ముందుకే వెళ్లగలుగుతుంది. అమెరికా నౌకాదళపు ఎసెక్స్ నౌక తన హెలికాప్టర్లతో, సామగ్రితో తీరానికి దూరంగా అనుమతి కోసం వేచి, వేచి, జూన్ మొదటి వారంలో వెనుదిరిగింది. అంతటి నౌక చేయలేకపోయిన పనిలో కొంతైనా ఈ పడవలు చేశాయి. ఈ అంశంలో ఒక్క మార్కు కూడా తగ్గించడానికి నాకు కారణం కనబడదు.

సరుకు విషయానికి వస్తే ఇంత సూటిగా చెప్పడం కుదరదు. విపత్తు వేళ ఒక మనిషికి రోజుకు 2,100 కిలోక్యాలరీల ఆహారం అందాలన్నది సహాయ సంస్థలన్నీ పాటించే ప్రమాణం. నాలుగు వందల గ్రాముల బియ్యం అందులో 1,400 దాకా ఇస్తుంది; మిగిలినది పప్పు, నూనె, ఎండుచేప వంటివాటి నుంచి రావాలి. ఇప్పుడు పడవ లెక్క చూద్దాం. ఒక టన్ను మోయగల పడవలో 50 కిలోల బస్తాలు ఇరవై పడతాయి. అయిదుగురున్న ఇంటికి ఒక బస్తా ఇస్తే అది 25 రోజులు వస్తుంది, కానీ ఇరవై ఇళ్లకే సరిపోతుంది. నూరు ఇళ్ల ఊరికి అందరికీ సమంగా పంచితే ఎవరూ నొచ్చుకోరు, కానీ ఆరో రోజుకు ఊరంతా మళ్లీ పస్తు. చిన్న పడవ సేవలో ఉన్న అసలు చిక్కు ఇదే. సమంగా పంచాలన్న న్యాయం ఉన్నంతకాలం పడవ అయిదు రోజుల్లో తిరిగి రావలసిందే. తిరిగి రాలేమనుకొన్నవారు ఆ సంగతి గట్టు మీదివారికి ముందే చెప్పవలసిందే.

బియ్యం తెచ్చామనుకొన్నవారు మరచిపోయేవి కొన్ని ఉంటాయి. ఇల్లే కొట్టుకుపోయినవారికి కుండ ఉండదు, పొడి కట్టె ఉండదు, అగ్గిపెట్టె ఉండదు; ఊరి చెరువులో ఉప్పునీరు నిండిపోయి, అందులోనే పశువుల కళేబరాలు తేలుతుంటే అన్నం వండడానికి నీరూ ఉండదు. బియ్యంతో పాటు గిన్నె, అగ్గిపెట్టె, ప్లాస్టిక్ పట్టా, నీళ్ల డబ్బా తెచ్చిన బృందాన్ని నేను రెండు రెట్లు బియ్యం మాత్రమే తెచ్చిన బృందం కంటె పైన ఉంచుతాను. ప్లాస్టిక్ పట్టా నీడ కోసమే అనుకోనక్కరలేదు. వానాకాలం మొదలయ్యే ఆ రోజుల్లో నాలుగు కర్రలకు కట్టిన పట్టాయే తాగునీరు పట్టుకొనే సాధనం. వండిన అన్నం పొట్లాలు రేవు పట్టణానికి పనికివస్తాయి, పడవలో పూటంతా ప్రయాణించే ఊళ్లకు కాదు. మే నెల ఉక్కలో అవి దారిలోనే పాడవుతాయి. పాత బట్టల మూటల గురించి చెప్పాలంటే, ఒక మూట ఆక్రమించే చోటులో ఒక బస్తా బియ్యం పడుతుందని గుర్తు చేయడం చాలు.

పంపకంలో కనబడే తేడా చాలావరకు పడవ ఎక్కడ ఆగుతుందన్న దానితో మొదలవుతుంది. రేవుకు దగ్గరగా ఉన్న ఊరు ప్రతి పడవకూ ఎదురుపడుతుంది. చివరి పాయలో ఉన్న ఊరికి చేరేసరికి సరుకు సగమవుతుంది, లేదా డీజిలు చాలదని పడవే వెనక్కి మళ్లుతుంది. రోడ్డు మీద ఇదే దోషం మరింత వికారంగా బయటపడింది. కార్లలో వచ్చిన దాతలు దారి పక్కన చేతులు చాచిన జనానికి వస్తువులు విసరి వెళ్లిపోయారు. దాన్ని సాకుగా చూపి అధికారులు దాతలనే అడ్డుకొన్నారు. పడవ వారికి ఆ అవకాశం తక్కువ, ఎందుకంటే పడవ ఆగాలి, దిగాలి, మనుషుల ముఖం చూడాలి. అయినా గట్టుకు తాడు వేయగానే ముందు నీళ్లలోకి దిగి బస్తా అందుకొనేది బలమున్న మగవాడే. పిల్లలు మిగిలి భర్త పోయిన స్త్రీ, కాలు విరిగిన ముసలివాడు ఆ వరుసలో ఎప్పుడూ వెనకే. ఈ లోపాన్ని తీర్చినవి ఊరి బౌద్ధ విహారాలు. తుపానులో నిలిచిన కొద్ది గట్టి కట్టడాల్లో అవి ఉండడం వల్ల జనం అక్కడే తల దాచుకొన్నారు. ఏ ఇంట్లో ఎందరు మిగిలారో భిక్షువులకు తెలుసు. వారి ఎదుట తోసుకోవడానికి ఎవరూ సాహసించరు. సరుకును విహారంలో దించి, పేర్ల పట్టీ చదివించి పంచిన బృందాలకు పంపకంలో నిండు మార్కులు ఇవ్వవచ్చు. గట్టు మీదే పంచి ఫోటో తీసుకొని వెళ్లినవారికి సగం కూడా ఇవ్వలేను.

భద్రత గురించి ఎక్కువ రాయడానికి ఏమీ లేదు, అసలు లేదు కనుక. మోయగలిగినదానికి మించి సరుకు వేసి, దాని మీద మనుషులు కూర్చొని, ఈత జాకెట్లు లేకుండా నైరుతి రుతుపవనపు గాలుల్లో వెడల్పాటి పాయలు దాటడం ధైర్యం అనిపించుకోదు. పడవ తిరగబడితే ఊరికి బియ్యమూ అందదు, మరొక పడవ సాయానికి రావలసి వస్తుంది. ఇంతకంటె పెద్ద అపాయం నీటి నుంచి కాక గట్టు నుంచి వచ్చింది. దారి పొడవునా తనిఖీ కేంద్రాలు, అనుమతి కాగితాలు, వాహనాల జప్తు దాటుకొని ఈ పని చేయవలసి వచ్చింది. విదేశీయుల చాక్లెట్లు లేకపోయినా డెల్టా ప్రజలు చేపలూ కప్పలూ పట్టుకొని బతకగలరన్న అర్థం వచ్చేలా ప్రభుత్వ పత్రిక రాసిన రోజులవి. జర్గనార్‌ను జూన్ 4న అరెస్టు చేసి, నవంబరులో మొత్తం 59 ఏళ్ల శిక్ష వేశారు. తరువాత దాన్ని 35 ఏళ్లకు తగ్గించారు. అతడు 2011 అక్టోబరులో విడుదలయ్యాడు. అటువంటి వాతావరణంలో లెక్కలు దాచుకోవడం, పేర్ల పట్టీలు రాసిపెట్టుకోకపోవడం నిర్లక్ష్యం వల్లే జరిగాయని అనలేం. అందుచేత రికార్డులు లేవన్న లోపాన్ని నేను గుర్తిస్తాను గాని దానికి మార్కులు తగ్గించను.

మే చివర నుంచి ఆగ్నేయాసియా కూటమి అయిన ఆసియాన్ దేశాలు, మయన్మార్ ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి కలిసిన త్రైపాక్షిక బృందం కింద పెద్ద సంస్థలు రంగంలోకి వచ్చాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం హెలికాప్టర్లతో, పెద్ద పడవలతో నెలవారీ బియ్యం సరఫరా మొదలుపెట్టింది. పరిమాణంలో దానితో స్వచ్ఛంద పడవలను పోల్చడం అన్యాయం. అయితే పెద్ద సంస్థ సరుకు గోదాము దాకా వచ్చి ఆగిన చోట, గోదాము నుంచి కాలువ చివరి ఇంటి వరకు ఉన్న దూరం అలాగే మిగిలింది. మొదటి వారాల్లో సొంత బియ్యం మోసిన పడవలు ఆ తరువాత ఇతరుల బియ్యం మోయడానికి సిద్ధపడి ఉంటే ఈ సేవ ఆయువు పెరిగేది. కొన్ని బృందాలు అలా నిలిచాయి. చాలా బృందాలు విరాళాల డబ్బు అయిపోగానే ఇళ్లకు వెళ్లాయి. వారిని తప్పు పట్టను, వారికి ఉద్యోగాలున్నాయి. కానీ ఇటువంటి పనికి సొమ్ము ఇవ్వదలచినవారు ఇంకొక బస్తాకు బదులు ఇంకొక విడత డీజిలుకు, సరంగు కూలికి ఇస్తే నయమని గట్టిగా చెబుతాను. దాతలు బియ్యానికి ఇచ్చినంత ఇష్టంగా ఇంధనానికి ఇవ్వరు. అయిదు రోజుల లెక్క తప్పేది అక్కడే.

ఈ సేవను ఆహార సహాయంగానే చూస్తే నా సమీక్ష జూన్‌తో ముగియాలి. కానీ డెల్టా ప్రజలు బియ్యం తినేవారు మాత్రమే కారు, దేశానికి బియ్యం పండించేవారు. వానాకాలపు నాట్లు జూన్, జూలై నెలల్లో పడాలి. విత్తనాలు నీటి పాలయ్యాయి, గేదెలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి, పొలాల్లో ఉప్పు మిగిలింది. పవర్ టిల్లర్లు ఇచ్చినా వాటికి డీజిలు కావాలి, నడపడం తెలియాలి. ఆ సమయంలో తిండి బస్తాల పక్కన విత్తనాల బస్తాలు కూడా వేసుకొని వెళ్లిన పడవలకు నేను అన్నిటికంటె ఎక్కువ మార్కులు వేస్తాను. తిండి ఏ వారంలో అందినా ఆ వారానికి పనికివస్తుంది. విత్తనాల పడవ మాత్రం అదును దాటక ముందే గట్టు చేరాలి.